మీ చేపలన్నీ దేవుడు క్షమిస్తాడు

ఆఫీసులో నా డెస్క్ మీద ఒక తులసి మొక్క ఉంది. అమ్మ పోరు పడలేక పెట్టాను. నేనుండే లీహై ఊరికి అరగంట దూరంలో స్పానిష్ ఫోర్క్ అని ఇంకో ఊరుంది. అక్కడ రాధాకృష్ణుల గుడి ఉంది. హోలీకి వేలమంది రంగులు చల్లుకునే వీడియోలు మీరూ చూసే ఉంటారు, ఆ గుడే. అక్కడ పరిచయమైన ఒక తెలుగు ఆంటీ చిన్న కుండీలో ఈ మొక్క ఇచ్చారు. మూడు నెలలు పచ్చగా ఉంది. తర్వాత ఆకులు పసుపుపచ్చగా మారి ఒక్కొక్కటే రాలడం మొదలైంది. అమ్మ వీడియో కాల్‌లో రోజూ అదే ప్రశ్న. "ఏమ్రా, తులసికి నీళ్లు పోస్తాండావా లేదా?" పోస్తున్నానమ్మా, రోజూ పొద్దున్నే పోస్తున్నా.

సాయంత్రం ఆరున్నరకి మా ఫ్లోర్ శుభ్రం చేయడానికి ఒకావిడ వస్తారు. మెక్సికో నుంచి వచ్చారు, మా అమ్మ వయసుంటుంది. ఆవిడ మొక్క చూపించి రోజూ ఏదో అడిగేవారు. ఆ మొత్తం వాక్యంలో నాకు దొరికేది ఒకే మాట: ఆగ్వా. నీళ్లు. తెలిసిన మాట వినబడింది కదా అన్న సంబరంలో "సీ, సీ, గ్రాసియాస్" అనేవాణ్ణి. అవునవును, థ్యాంక్స్ అని. ఆవిడ ఒక్క క్షణం నా మొహంలోకి చూసి, కుండీలో నీళ్లు పోసి వెళ్లిపోయేవారు.

ఇలా నెలరోజులు నడిచాక ఒక సాయంత్రం ఆ సీన్ మా టీమ్‌లో ఒకతను చూశాడు. పొట్ట పట్టుకుని నవ్వాడు. ఇంతకీ ఆవిడ అడుగుతున్నది ఏంటంటే, "నీళ్లు ఎక్కువై వేళ్లు కుళ్లుతున్నట్టున్నాయి బాబూ, అయినా పోయమంటారా?" అని. నేనేమో అవునవును, థ్యాంక్స్.

ఆ తర్వాత వాళ్లిద్దరూ పది నిమిషాలు మాట్లాడుకున్నారు. నీలికళ్ల కుర్రాడు, ఐడహోలో ఆలుగడ్డలు పండించే ఊరి నుంచి వచ్చినవాడు, వేరే ఊరి పిన్నితో మాట్లాడినట్టు చేతులు తిప్పుతూ, నవ్వుతూ మాట్లాడేస్తున్నాడు. ఆవిడ వెళ్తూ వెళ్తూ అతని భుజం తట్టారు. ఫోన్లో నా డ్యుయోలింగో స్ట్రీక్ అప్పటికి 412 రోజులు. ఆ పచ్చ గుడ్లగూబ నన్ను చూసి రోజూ గర్వపడుతోంది.

"ఎన్నాళ్లు నేర్చుకున్నావ్?" అని అడిగాను.

"ఆరు వారాలు" అన్నాడు. ఒక్క క్షణం ఆగి, "తర్వాత రెండేళ్లు" అని కలిపాడు.

అతని పేరు చెప్పడం బాగోదు కాబట్టి ఇక్కడ ఎల్డర్ అనే పిలుస్తాను. అది నేను పెట్టిన పేరు కాదు. పంతొమ్మిదేళ్ల వయసులో రెండేళ్లపాటు అతన్ని అందరూ అలాగే పిలిచారు. ఎల్డర్ అంటే పెద్దాయన. మూతిమీద మీసం సరిగ్గా రాని పెద్దాయన.

లోకం మోర్మన్లు అని పిలిచే చర్చికి ఈ యూటా రాష్ట్రం సొంతిల్లు లాంటిది. ఆ కుటుంబాల్లోని అబ్బాయిలు రెండేళ్లు, అమ్మాయిలు ఏడాదిన్నర చదువు పక్కనపెట్టి ప్రచారానికి వెళ్తారు. జీతం లేదు, ఖర్చు తమదే. 2012లో వయసు తగ్గించాక అబ్బాయిలు పద్దెనిమిదికే వెళ్తున్నారు. ఏ దేశమో, ఏ భాషో వాళ్లు ఎంచుకోరు. మనకు ఎంసెట్ కౌన్సెలింగ్‌లో కనీసం వెబ్ ఆప్షన్లు ఉంటాయి, వాళ్లకు అదీ లేదు. ఎల్డర్ టైంలో ఇంటికి తెల్ల కవరు వచ్చేది. చుట్టాలందరి మధ్య చింపి చదవాలి. అతని కవర్లో ఉన్నది గ్వాటెమాలా, స్పానిష్. మ్యాప్‌లో ఎక్కడుందో వాళ్ల నాన్నే చూపించాడట.

శిక్షణ ఇచ్చే చోటు ప్రోవోలో ఉంది, మా ఆఫీసు నుంచి ఇరవై పాతిక నిమిషాల డ్రైవ్. బ్రిగమ్ యంగ్ యూనివర్సిటీ పక్కనే. దీని పుట్టుక కథ వింటే మన హెచ్-వన్ జనాలకి ప్రాణం లేచొస్తుంది. 1961లో మెక్సికో, అర్జెంటీనా వెళ్లాల్సిన కుర్రాళ్లు వీసాలు రాక ఇక్కడే ఇరుక్కుపోయారు. ఊరికే కూర్చోబెట్టడం ఎందుకు, ఈలోగా స్పానిష్ నేర్పిద్దాం అనుకున్నారు. వీసా ఆలస్యంలోంచి పుట్టిన బడి అన్నమాట. ఇప్పుడు అక్కడ డజన్ల కొద్దీ భాషలు నేర్పుతారు. స్పానిష్‌కి ఆరు వారాలు, జపనీస్, కొరియన్ లాంటివైతే తొమ్మిది వారాల దాకా. 2013 నుంచి మెక్సికో సిటీలోనూ ఒక పెద్ద కేంద్రం నడుస్తోంది. కరోనా తర్వాత కొంత శిక్షణ ఇంట్లోనే ఆన్‌లైన్‌లో మొదలవుతోందట. ఎల్డర్ వెళ్లింది 2016లో. అప్పుడు అదేం లేదు. అమ్మానాన్న కారులో తెచ్చి గేటు లోపల ఫుట్‌పాత్ దగ్గర దింపుతారు, ఒక కౌగిలింత, అంతే. నల్ల బ్యాడ్జి మీద నారింజ రంగు చుక్క అతికిస్తారు, కొత్తవాడని అందరికీ తెలిసేలా. మన ఇంజినీరింగ్ హాస్టల్ మొదటి రోజు గుర్తొచ్చింది నాకు. కాకపోతే ఆ చుక్క చూసినవాళ్లు ర్యాగింగ్ చేయరు, దారి చూపిస్తారు.

పొద్దున ఆరున్నరకి లేవాలి, రాత్రి పదిన్నరకి పడుకోవాలి. తెల్లచొక్కా, టై. సొంత ఫోన్ లేదు, సినిమా లేదు, గర్ల్‌ఫ్రెండ్ మాటే లేదు. ఒక జోడీదారుణ్ణి కేటాయిస్తారు. బాత్రూంలో తప్ప ఇరవై నాలుగు గంటలూ అతని పక్కనే ఉండాలి. ఇంటికి వారానికి ఒక్క ఈమెయిల్. ఫోన్ ఏడాదికి రెండుసార్లే, క్రిస్మస్‌కీ మదర్స్ డేకీ. 2019 నుంచి వారం వారం మాట్లాడుకోనిస్తున్నారు గానీ ఎల్డర్ అప్పటికే తిరిగొచ్చేశాడు. అదొక్కటి చెప్పేటప్పుడు మాత్రం అతని గొంతులో చిన్న ఉక్రోషం వినబడింది. మా సీనియర్లు "మాకు ల్యాబ్‌లో ఏసీ లేదు" అని చెప్పేటప్పుడు వినబడే రకం.

తరగతి గది చిన్నది, పదిమంది పిల్లలు. టీచర్ అంటే ఏ పెద్ద ప్రొఫెసరో అనుకున్నాను. కాదు, రెండేళ్ల ప్రచారం ముగించుకొచ్చిన యూనివర్సిటీ స్టూడెంట్లే, పార్ట్‌టైమ్ ఉద్యోగంగా పాఠం చెబుతారు. ఎల్డర్ టీచర్ మొదటి నిమిషం నుంచీ స్పానిషే. వ్యాకరణం తర్వాత. మొదటి వారంలోనే ఇద్దరిద్దరిని ఒక గదిలోకి పంపుతారు. లోపల ఒక మనిషి కూర్చుని ఉంటాడు. ఇంగ్లిష్ రానట్టు నటిస్తాడు. ఆయనకి ఒక కుటుంబం, ఒక ఉద్యోగం, ఒక బాధ ఉంటాయి. అది టీచరే అని అందరికీ తెలుసు. అయినా ఆ తలుపు ముందు నిలబడితే అరచేతులు చెమట పడతాయట.

ఎల్డర్ అలాంటి ఒక పాఠంలోనే "మీ పాపాలన్నీ దేవుడు క్షమిస్తాడు" అని చెప్పబోయాడు. పాపానికి స్పానిష్‌లో పెకాదొ. చేపకి పెస్కాదొ. నాలుక తడబడింది. "మీ చేపలన్నీ దేవుడు క్షమిస్తాడు" అన్నాడు. టీచర్ మొహంలో ఒక్క గీత కూడా కదల్లేదట. కాసేపు గంభీరంగా ఆలోచించి, "వేయించినవి కూడానా?" అని అడిగాడు. జోడీదారుడు కుర్చీలోంచి జారి కింద పడ్డాడు. ఇంకొకడు ఆకలి అనడానికి ఆంబ్రె బదులు ఓంబ్రె అన్నాడు. నాకు ఆకలిగా ఉంది అనబోయి నాకు మగాడున్నాడు అన్నట్టయింది.

ఇదంతా వింటూ నేను లోపల లెక్కలు వేసుకుంటున్నాను. ఎందుకంటే నిజానికి స్పానిష్ మనకు వాళ్లకంటే సులువు కావాలి. చూడండి, కాఫీ ఇష్టం అని చెప్పడానికి ఇంగ్లిష్‌లో నేను అనే మాట ముందుకొచ్చి కూర్చుంటుంది. స్పానిష్‌లో మె గుస్తా ఎల్ కఫే. మె అంటే నాకు. నాకు కాఫీ ఇష్టం. మన వాక్యమే! తలనొప్పి కూడా అంతే, నాకు తల నొప్పెడుతోంది అన్నట్టే చెబుతారు. నాకు, నాకు అని చెప్పుకునే ఈ బాణీ ఎల్డర్ బుర్రకెక్కడానికి రెండు వారాలు పట్టిందట. నాకు రెండు సెకన్లు పట్టలేదు. ఆబ్లో అంటే మాట్లాడతాను. నేను అని విడిగా చెప్పక్కర్లేదు, క్రియ చివర్లోనే ఉంది, మనలాగే. పెరో అంటే కానీ, పెర్రో అంటే కుక్క. రకారం తేలిగ్గా ఒకటి, గట్టిగా ఒకటి. అమెరికన్ పిల్లలు అద్దం ముందు నిలబడి ఆ గట్టి రకారం కోసం గొంతు గరగరలాడించుకుంటుంటే, మనం బండి ర పలికిన జాతి.

ఇక తూ, ఉస్తెద్. నువ్వు, మీరు. ఇంగ్లిష్‌లో అందరికీ ఒకటే మాట కాబట్టి ఎల్డర్‌కి ఇది కొత్త. దారిన కనిపించిన ప్రతి మనిషినీ మీరు అనమని నేర్పారు. కానీ ప్రార్థనలో దేవుణ్ణి మాత్రం తూ అనాలి. ఇదేంటి, తాపీమేస్త్రిని మీరు అని, దేవుణ్ణి నువ్వు అంటామా అని అతనికి ఆశ్చర్యం. నాకేం ఆశ్చర్యం? మా అవ్వ తెల్లారి లేచి వెంకటరమణుణ్ణి "నీకు కండ్లు లేవా సామీ" అని దబాయించేది. అదే నోటితో కరెంటు బిల్లు కొట్టే అబ్బాయిని మీరు అనేది.

మరి ఇన్ని ఉండి కూడా అతను మాట్లాడుతున్నాడు, నేను తల ఊపుతున్నాను. ఎందుకు? అతనికి పట్టుదల ఎక్కువ, నాకు తక్కువ అని కాదు. 412 రోజులు ఒక్కరోజు తప్పకుండా చేసినవాణ్ణి పట్టుకుని సోమరి అనకండి, ఒప్పుకోను. కానీ నేను ఆ 412 రోజులూ బెడ్ మీద పడుకుని, ఎవరూ చూడనప్పుడు, ఫోన్‌తో మాట్లాడాను. తప్పు చేస్తే ఒక గుండె పోయేది, యాడ్ చూస్తే మళ్లీ వచ్చేది. ఎదుటి మనిషి మొహం మారడం నేను ఒక్కసారి కూడా చూడలేదు. యాప్‌ని తిట్టడం లేదు. దాన్ని మొదలుపెట్టినవాళ్లలో ఒకాయన ఎల్డర్ వెళ్లిన గ్వాటెమాలావాడే, పేదవాళ్లకు ఇంగ్లిష్ ఉచితంగా అందాలన్న ఆలోచన ఆయనది. దాంతో నేను నేర్చుకున్న మాటలు నిజమైనవే. వాటిని ఎవరి ముందైనా పెట్టాలని నాకే తోచలేదు.

తర్వాత ఒక శుక్రవారం లంచ్‌లో ఎల్డర్ ఇంకో సంగతి చెప్పాడు. అడిగితే చెప్పింది కాదు.

శిక్షణలో నాలుగో వారం. వాళ్ల నానమ్మ పోయారు. అలాంటప్పుడు ఫోన్ ఇస్తారు. అమ్మతో పది నిమిషాలు మాట్లాడాడు. ఊరు నాలుగైదు గంటల ప్రయాణం. వెళ్లలేదు. వెళ్లొద్దని ఎవరూ కట్టేయలేదు, కానీ వెళ్తే తిరిగొస్తానో లేదో అని తనకే భయం వేసిందట. ఆ సాయంత్రం మామూలుగానే గదిలో పాఠం. ఎదురుగా టీచర్, భార్యను పోగొట్టుకున్న మనిషి పాత్రలో. అది వారం ముందే అనుకున్న పాత్ర. ఆ పూట జరిగింది ఆయనకి ఇంకా తెలియదు. "ఆమెను మళ్లీ చూస్తానా?" అని స్పానిష్‌లో అడిగాడు.

"ఇంగ్లిష్‌లో అయితే నా దగ్గర సమాధానం రెడీగా ఉంది" అన్నాడు ఎల్డర్. "చిన్నప్పటినుంచీ వింటున్న వాక్యాలు. అనర్గళంగా చెప్పేవాణ్ణి. కానీ స్పానిష్‌లో నా దగ్గర నాలుగు వారాల మాటలే ఉన్నాయి. కియెరో అన్నాను. నో సే అన్నాను. మళ్లీ కియెరో అన్నాను."

కావాలి. తెలీదు. కావాలి.

టీచర్ పాత్రలోంచి బయటికొచ్చి, కుర్చీ పక్కకు జరుపుకుని కూర్చున్నాడట. అప్పుడు కూడా ఇంగ్లిష్‌లోకి మారలేదు. నానమ్మ ఎలా ఉండేది, ఏం వండేది, చేతులు ఎలా ఉండేవి అని ఒక్కొక్కటే అడిగాడు. రాని మాట దగ్గర ఆపి చెప్పాడు. పిండి, వేలు, కిటికీ, కోపం. ఆ మాటలు ఆ రోజు నేర్చుకున్నవే ఇప్పటికీ మర్చిపోలేదన్నాడు.

నేను నా ప్లేటు వైపు చూస్తూ కూర్చున్నాను. రెండేళ్ల కిందట మా అవ్వ పోయింది. నా పిటిషన్ పెండింగ్‌లో ఉంది. ఇప్పుడు దేశం దాటితే తిరిగి రావడం కష్టమని లాయర్ మెయిల్. వాట్సాప్‌లో చూశాను అంతా, ఎవరో కజిన్ ఫోన్ పట్టుకున్నాడు, సగంసేపు ఆకాశమే కనిపించింది. మర్నాడు పొద్దున తొమ్మిదింటికి స్టాండప్ మీటింగ్. హౌ ఆర్ యూ అని మేనేజర్ అడిగారు. అయామ్ గుడ్, థ్యాంక్స్ అన్నాను. ఒక్క సెకను కూడా తడుముకోలేదు. నాకు ఇంగ్లిష్ అంత బాగా వచ్చు.

ఎల్డర్‌తో అన్నీ ఒప్పుకున్నానని అనుకోకండి. మా తలుపు కొట్టి మా దేవుడు చాలడు అని ఎవరైనా అంటే నాకు ఒళ్లు మండుతుంది, ఆ మాట అతని మొహం మీదే చెప్పాను. పద్దెనిమిదేళ్ల పిల్లలు ప్రపంచానికి చెప్పేదేముంటుందని కూడా అడిగాను. అతను వాదించలేదు. "తలుపు వేసేయడం నీ హక్కు. వేసిన తలుపులు నా కంటే ఎక్కువ ఎవరు చూసుంటారు?" అన్నాడు. ఆదివారం చర్చికి వెళ్తావా అంటే వెళ్తానన్నాడు. అక్కడితో ఆ సంభాషణ ఆగింది. అయితే నేను అనంతపురంవాణ్ణి. మిషనరీ అన్న మాట విన్నప్పుడు మా వైపు జనాలకు గుర్తొచ్చే మనిషి వేరే ఉన్నాడు. విన్సెంట్ ఫెర్రర్ బార్సిలోనా నుంచి 1952లో జెస్యూట్‌గా బొంబాయి వచ్చారు, 1969లో మా జిల్లాకు చేరారు, మరుసటి ఏడాదే జెస్యూట్ సంఘం వదిలేశారు, 2009లో మా దగ్గరే పోయారు. నీళ్లు, ఇళ్లు, ఆసుపత్రి, ఆయన పని అదీ. చిన్నప్పుడు మా పక్కింటి అమ్మాయికి స్పెయిన్ నుంచి ఉత్తరాలొచ్చేవి. ఆ కవరు మీది స్టాంపుల కోసం మేం కొట్టుకునేవాళ్లం. నేను స్పానిష్ మొదలుపెట్టింది ఆ స్టాంపుల వల్లే అనుకుంటా.

ఎల్డర్‌ని అడిగాను, గ్వాటెమాలాలో దిగగానే మాట్లాడేశావా అని. నవ్వాడు. ఎయిర్‌పోర్టులో ఒక్క ముక్క అర్థం కాలేదట. శిక్షణలో టీచర్ మాట్లాడిన స్పానిష్ అంతా జాలిపడి మాట్లాడినది. ఇక్కడ ఎవరికీ జాలి లేదు. పైగా అతన్ని వేసింది క్వెట్సాల్తెనాంగో వైపు కొండల్లో. అక్కడ చాలామంది పెద్దవాళ్ల మాతృభాష కిచె, మాయా భాషల్లో ఒకటి. మొదటి నెలలో ఒక ముసలావిడ వీళ్లని లోపలికి పిలిచి కూర్చోబెట్టి, మొక్కజొన్న రొట్టెలు పెట్టి, నిమ్మళంగా మాట్లాడింది. ఆమెకూ స్పానిష్ తర్వాత నేర్చుకున్నదే. ఇద్దరికీ అది అద్దె ఇల్లే. "ఆవిడ మాట మాత్రం మొదటి రోజే పూర్తిగా అర్థమైంది" అన్నాడు. ఆవిడ వాళ్ల చర్చిలో చేరలేదు. రెండేళ్లలో ఎంతమంది చేరారో నేను అడగలేదు, అతను చెప్పలేదు.

అన్నట్టు, ఆ స్పానిష్ ఫోర్క్ పేరు వెనక కూడా మిషనరీలే ఉన్నారు. 1776లో డొమింగెస్, ఎస్కలాంటె అనే ఇద్దరు ఫ్రాన్సిస్కన్ సన్యాసులు కాలిఫోర్నియాకు దారి వెతుక్కుంటూ ఆ లోయలోకి దిగారు. దారి దొరకలేదు, మంచు మొదలై వెనక్కి వెళ్లిపోయారు. ఊరికి పేరు మిగిలింది. ఆ ఊరి గుడి నుంచి వచ్చిన మొక్కనే నేను, మెక్సికో ఆవిడ కలిసి ముంచేస్తున్నాం.

సోమవారం సాయంత్రం ఆవిడ రాగానే లేచి నిలబడ్డాను. ఎల్డర్ అప్పటికి వెళ్లిపోయాడు. రాసిపెట్టుకున్న కాగితం జేబులో ఉంది, తీయలేదు. నో ఆగ్వా అన్నాను. నీళ్లు వద్దు. ఆవిడ సీసా దించారు. తర్వాత ఏం చెప్పాలో తెలియక మొక్క వైపు చూపించి, మి అబుయెలా అన్నాను. మా అవ్వ. ఎందుకన్నానో నాకూ తెలీదు. అవ్వ ఇంటి ముందు తులసి కోట ఉండేదని చెప్పడానికి కోట అన్న మాట కావాలి, ముందు అన్న మాట కావాలి, ఉండేది అనే భూతకాలం కావాలి. నా దగ్గర అబుయెలా, ప్లాంతా, కాసా మాత్రమే ఉన్నాయి. మూడూ వరసగా పెట్టాను.

ఆవిడ అర్థమైనట్టు తల ఊపి, మెల్లగా, జాలిపడి మాట్లాడే స్పానిష్‌లో అడిగారు. బతికున్నారా అని.

నో అన్నాను. రెండేళ్లయింది అనడం రాక రెండు వేళ్లు చూపించాను. ఆవిడ దోస్ ఆన్యోస్ అన్నారు. నేను దోస్ ఆన్యోస్ అన్నాను. ఆన్యోస్ అనేటప్పుడు ఆ న్యకారం నొక్కి పలకాలని, లేకపోతే బూతవుతుందని నోటి దగ్గర వేలు పెట్టి మరీ చూపించారు. ఇద్దరం నవ్వుకున్నాం. నాకు కళ్లు చెమర్చాయి. ఆవిడ చూసి కూడా చూడనట్టు చెత్తబుట్ట కవరు మార్చారు.

ఇప్పుడు మాకో ఒప్పందం కుదిరింది. సోమవారం నావి, గురువారం ఆవిడవి. లూనెస్, హ్వేవెస్. కుండీ అడుగున రంధ్రం మూసుకుపోయిందని కనిపెట్టింది కూడా ఆవిడే, హెయిర్‌పిన్‌తో పొడిచి తెరిచారు. మొన్న చివర రెండు చిన్న ఆకులు వచ్చాయి. ఫొటో తీసి అమ్మకు పంపితే, "ఎవురు పోస్తాండారో గాని బాగ పోస్తాండారు" అని వాయిస్ మెసేజ్ పెట్టింది.